పేజీ తిప్పిన చెయ్యి

బంగారుతల్లి పిచ్చుకకు,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. పైవాడి దయవల్ల ఇక్కడ నేనూ నీ తమ్ముడూ వేళకింత తిని, చేతనైన పని చేసుకుంటూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, బుజ్జిదీ, మీ అత్తమామలూ మాకంటే బాగా ఉన్నారని నమ్మి కలం పట్టాను.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. దాంతోపాటు మోకాలి పట్టీ కూడా అందింది. "ఫోను ఉండగా ఈ ఉత్తరాలేంటమ్మా, రాజులకాలంలోలాగా" అని నీ తమ్ముడు ఎగతాళి చేస్తున్నాడు. మీ ఇంట్లో ఫోను హాలు మధ్యలో కూర్చుని అందరికీ వినిపించేలా మాట్లాడుతుందని వాడికేం తెలుసు? పైగా ఈసారి నేను చెప్పబోయేది ఫోనులో అయితే సగంలో మింగేస్తాను. కాగితం మీద కొట్టివేసినా కింద కనబడుతూనే ఉంటుంది.

నువ్వు అడిగినవి మూడు. ముందు కొట్టు సంగతి.

నీ తమ్ముడు ఫోము పరుపుల బేరం పెట్టిన మాట నిజమే. నాకు మొదట్లో ఒళ్ళు మండింది. మూడు తరాలుగా దూది ఏకి, పరుపులు కుట్టి బతికిన ఇల్లు మనది. "ఊపిరాడని పరుపులు అమ్ముతావురా?" అని రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. మూడో రోజు, చాపలా చుట్టి వచ్చిన పరుపు మీది ప్లాస్టిక్కును వాడు కత్తెరతో ఇలా కోశాడో లేదో, అది బుస్సుమని ఉబ్బి వాణ్ణి గోడకీ బల్లకీ మధ్య ఇరికించేసింది. కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. "అమ్మా, లాగవే!" అని లోపల్నుంచి అరుపు. లాగే ముందు కడుపుబ్బ నవ్వుకున్నాను. ఆ నవ్వుతోనే కోపమూ పోయింది. ఇప్పుడు ముందు గదిలో ఫోము, వెనక గదిలో ఏకే మిషనూ నేనూ. మొన్న పళ్ళ డాక్టరు వచ్చి తనకి ఫోము పరుపు తీసుకుని, వాళ్ళమ్మకి మాత్రం దూదిదే కావాలని వెనక గదిలోకి వచ్చాడు. గిరాకీకి లోటు లేదు. ఎటొచ్చీ నా కనుబొమలే ఎప్పటిలా తెల్లగా ఉంటున్నాయి. అది దూదో వయసో కడుక్కుంటే గానీ తెలియడం లేదు.

రెండోది. బుజ్జిది మెట్టు మీంచి జారిపడ్డప్పుడు నీ నోటివెంట "అయ్యో దేవుడా" అని వచ్చిందనీ, మీ అత్తగారు "ఆ మాట మన నోట రాకూడదు, ఇంట్లోనూ తెలుగే మాట్లాడే మీ పుట్టింటివాళ్ళు సగం ముస్లింలే" అన్నారనీ రాశావు. "అమ్మా, మనం నిజంగా సగమేనా?" అని అడిగావు. ఆ వాక్యం దగ్గర సిరా అలుక్కుపోయి ఉంది. మంచినీళ్ళు ఒలికాయనుకోవడానికి నేనేం చంటిదాన్ని కాదు.

తల్లీ, బిడ్డ పడితే నోరు మాటలు ఏరుకుంటూ కూర్చోదు. అమ్మ దగ్గర నేర్చిన మాటే ముందు ఊడిపడుతుంది. నువ్వు ఎవర్ని పిలిచావో ఆయనకి తెలుసు. మీ నాన్నమ్మ ఐదు పూటలా నమాజు తప్పలేదు, రంజాను నెలలో ఒక్క ఉపవాసమూ వదల్లేదు. ఆవిడ కూడా కాలికి రాయి తగిలితే "దేవుడా" అనే అంది. ఆవిణ్ణి సగం అనే దమ్ము ఎవరికుంది? అలాగని మీ అత్తగారి మీద మనసు విరుచుకోకు. నువ్వు నీ మాట నా ఒళ్ళో నేర్చుకున్నట్టే ఆవిడ తన మాట వాళ్ళమ్మ ఒళ్ళో నేర్చుకుంది. ఆవిడ భాష శ్రద్ధగా నేర్చుకో, బాగుంటుంది వినడానికి. బుజ్జిదానికి రెండూ రానివ్వు. నాన్నమ్మతో ఆ మాట, అమ్మమ్మతో ఈ మాట. పిల్లల నోరు మన నోరంత ఇరుకు కాదు.

ఇంత నిబ్బరంగా చెబుతున్నాను కదా, రెండు నెలల కిందట నువ్విదే అడిగి ఉంటే నాకు జవాబు దొరికేది కాదు. నీ మూడో ప్రశ్నకి, అదే, బుజ్జిదానికి ఖురాన్ మొదటి పాఠం చెప్పడానికి ఎప్పుడు వస్తావన్నదానికి, జవాబు చెప్పే ముందు ఇక్కడ జరిగింది నీకు తెలియాలి.

వీధి చివర అద్దాలు కోసే ఆయన ఉన్నాడే, ఆయన తల్లి పోయింది. నిద్రలోనే, సుఖంగా. మర్నాడు ఆడవాళ్ళమంతా వాళ్ళింట్లో చేరాం. ఆ ముందుగది నీకు గుర్తుండే ఉంటుంది, గోడల పొడుగునా నిలువెత్తు అద్దాలు ఆనించి ఉంటాయి, కూర్చోవాలంటే అంచులు తగలకుండా సర్దుకోవాలి. ఎప్పటిలాగే ఖురాన్ తెచ్చి నా చేతిలో పెట్టారు. "నువ్వు మొదలుపెట్టు వదినా, నీ గొంతయితే ఆవిడకి చేరుతుంది" అంది అద్దాలాయన భార్య.

నా పక్కన కూర్చున్నది నీకు తెలియని మనిషి. మందుల షాపులో కొత్తగా చేరిన అమ్మాయి. కళ్ళు తప్ప ఏమీ కనబడనంత నల్లటి ముసుగు వేసుకుని స్కూటరు మీద రయ్యిమని వస్తుంది. పగలు షాపులో పని, సాయంత్రాలు మసీదు మేడ మీద పిల్లలకి అరబ్బీ చదువు. మా వీధి ఆడవాళ్ళు ఆమెకి పంతులమ్మ అని పేరు పెట్టారు, ముద్దుకి కాదులే. మన నమాజులో, మన నడకలో, మన మాటలో తప్పులు వెతకడానికే దిగిందని మా అందరి అనుమానం. నేనూ అలా అన్నవాళ్ళలో ఒకదాన్నే.

పుస్తకం తెరిచి, పోయినవాళ్ళ కోసం చదివే యాసీన్ సూరా మొదలుపెట్టాను. నాలుగు వాక్యాలు చదివానో లేదో, పక్కనుంచి నల్లటి చేతితొడుగు వేసుకున్న చెయ్యి మెల్లగా వచ్చింది. నా ఒళ్ళో ఉన్న పుస్తకంలో పేజీల బొత్తి ఒకటి పట్టుకుని అటు తిప్పింది. ఒక చోట ఆపి, వేలితో చదును చేసి, వెనక్కి పోయింది. నా గొంతు మాత్రం ఆగలేదు. కాసేపటికి మళ్ళీ ఆ చెయ్యి వచ్చి ఒక్క పేజీ తిప్పింది. ఇంకాసేపటికి ఇంకో పేజీ. సూరా అయ్యేదాకా అలాగే, సరిగ్గా తిప్పాల్సిన చోట తిప్పుతూ పోయింది. తలెత్తితే ఎదురుగా అద్దంలో ఆమె కళ్ళు. పక్కకి చూస్తే ఇంకో అద్దంలో నా మొహం. ఆ గదిలో దాక్కోవడానికి చోటే లేదు.

ఇంకెవరూ గమనించలేదు. పెద్దావిడ కళ్ళజోడు సరిగ్గా లేదని సాయం చేస్తోంది అనుకున్నారు.

పిచ్చుకా, ఇక దాచను. మీ అమ్మకి అరబ్బీ చదవడం రాదు. ఒక్క ముక్క రాదు. పుస్తకంలో ఏ పేజీ తెరిచినా నాకు ఒకటే.

నాకు వచ్చినవన్నీ మీ నాన్నమ్మ నోటినుంచి వచ్చినవి. ఇద్దరం పరుపుకి చెరో వైపు కూర్చుని అంచులు కుట్టేవాళ్ళం. ఆవిడ ఒక వాక్యం అనేది, దబ్బనం ఇటు దింపేది. నేను అదే వాక్యం అని దబ్బనం అటు పంపేదాన్ని. తర్వాత దాని అర్థం మన మాటలో చెప్పేది. అలా యాసీన్‌తో కలిపి పదకొండు సూరాలు పట్టుబడ్డాయి. ఆవిడకీ చదవడం రాదు, కానీ రాదని పదిమందిలో చెప్పుకునేది. ఆవిడ పోయాక గొంతు బాగుందని పుస్తకం నా చేతిలో పెట్టారు. ఆ రోజే "నాకు రాదమ్మా" అని ఉండాల్సింది. అనకుండా పుస్తకం అందుకున్నాను. ఒక రోజు అనని మాట మర్నాటికి రెండింతలు బరువెక్కుతుంది. ఇరవై రెండేళ్ళు మోశాను.

నీకు చదువు చెప్పినప్పుడు నా వేలు అక్షరాల కింద నడిచేది కదా, నా కళ్ళు మాత్రం నీ పెదాల మీద ఉండేవి. నువ్వు అక్షరాలు నేర్చింది నా దగ్గర కాదు, బడి పక్కన ముసలాయన దగ్గర. నేను నీతోపాటు పాడానంతే. నీ ఎనిమిదో ఏట, పదకొండూ అయిపోయాక, "అమ్మా, ఇక తర్వాతది చదువుదాం" అని పుస్తకం పట్టుకుని వచ్చావు. "నాకు పని ఉంది, పో, రోజూ నీతో కూర్చోవడానికి నాకేం పనీపాటా లేదనుకున్నావా?" అని కసిరాను. నువ్వు నాలుగు రోజులు ముక్కు చీదుతూ తిరిగావు. ఏం తప్పు చేశావో తెలియక నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చేదానివి. నీ తప్పేమీ లేదమ్మా. నాకు భయం వేసింది. ఆ నాలుగు రోజులకి నన్ను మన్నించు.

ఇంకో అబద్ధం కూడా. నా మోకాలు శుభ్రంగా ఉంది. మెట్లు ఎక్కుతున్నాను, దిగుతున్నాను. నువ్వు రమ్మన్న మూడుసార్లూ మోకాలి మీదకి నెట్టేశాను. మీ అత్తగారు చదువుకున్నావిడ. పదిమందిలో పుస్తకం తెరిచి, "ఇదిగో వియ్యపురాలా, ఇక్కణ్ణుంచి మొదలుపెట్టండి" అంటే నా గతేంటి? నీ తలెక్కడ పెట్టుకుంటావు? ఆ భయంతో రాలేదు. నువ్వు పంపిన పట్టీని నీ తమ్ముడు పరుపులు ఎత్తేటప్పుడు వేసుకుంటున్నాడు.

ఆ అద్దాల ఇంటినుంచి వచ్చాక వారం రోజులు మందుల షాపు వీధిలోకే పోలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆ అమ్మాయే మన కొట్టుకి వచ్చింది. ముందు గది దాటి నేరుగా నా దగ్గరికి.

"పరుపు కావాలి పెద్దమ్మా."

"ముందు గదిలో అబ్బాయి చూపిస్తాడు."

"దూది పరుపు."

మంచం కొలత అడిగాను. నీళ్ళు నమిలింది. పరుపు కావలసిన మనిషికి మంచం కొలత తెలియకుండా ఉంటుందా? దబ్బనం పక్కన పెట్టి, "ఎంతమందికి చెప్పావు?" అన్నాను.

"ఏం చెప్పాలి?"

"నాకు చదవడం రాదని."

ఆమె ముసుగు పైకి తీసి కూర్చుంది. పాతికేళ్ళు నిండి ఉండవు. ముక్కు మీద కళ్ళజోడు నొక్కిన గుర్తు, బుగ్గ మీద మొటిమలు. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఈ పిల్లకా అనిపించింది.

"నాకు చదవడం ఒక్కటే వచ్చు పెద్దమ్మా" అంది. "మీరు చదువుతుంటే ఆ గదిలో అందరూ ఏడ్చారు. నేను చదివితే ఎవరూ ఏడవరు, ఎప్పుడైపోతుందా అని చూస్తారు. మీకు అలా ఎలా వచ్చింది? అది అడుగుదామనే వచ్చాను. పరుపు అబద్ధం."

దూది మూట మీద కూర్చోబెట్టి మీ నాన్నమ్మ కథంతా చెప్పాను. ఆవిడ అర్థాలు కూడా చెప్పేదనగానే, "మొట్టమొదటి సూరాకి ఏం చెప్పేవారు?" అంది.

"అన్ని లోకాల్నీ సాకే తండ్రీ, మెచ్చుకోలంతా నీకే."

ఆమె కాస్త తటపటాయించింది. "తండ్రి అని మాత్రం వద్దు పెద్దమ్మా. ఆయన ఎవర్నీ కనలేదు, ఆయన్ని ఎవరూ కనలేదు."

నాకు చుర్రుమంది. మా అత్తగారి మాట దిద్దడానికి నువ్వెవరివే అని నోటిదాకా వచ్చింది. అంతలో గుర్తొచ్చింది, ఆ మాట నేను రోజూ నమాజులో చదివే చిన్న సూరాలోదే. మీ నాన్నమ్మ దాని అర్థం కూడా చెప్పింది. ముప్పై ఏళ్ళుగా నోటితో అంటున్నాను, చెవితో వినలేదు. "సరే, మరి ఏమనాలి?" అన్నాను.

"తండ్రికి ముందు మాట మళ్ళీ చెప్పండి. నేను ప్రభువు అని చదువుకున్నాను. ప్రభువంటే నాకు ఎక్కడో ఎత్తు మీద కూర్చున్నట్టుంటుంది. సాకడమంటే?"

"ఏముందీ, సాకడమంటే సాకడమే. ఎత్తుకోవడం, మూతి తుడవడం, తిననంటే బతిమాలి తినిపించడం, ఎక్కడ పడుతుందో అని వెనకే తిరగడం. పెద్దయ్యేదాకా విడిచిపెట్టకపోవడం."

ఆమె మూటలోంచి దూది పీకడం మొదలుపెట్టింది. చూస్తే కళ్ళనిండా నీళ్ళు. తల్లి లేని పిల్లట, హాస్టళ్ళలో పెరిగింది. "రబ్ అనే ఆ అరబ్బీ మాటకి సరిగ్గా ఇదే అర్థం పెద్దమ్మా. పన్నెండేళ్ళు చదివాను, ఇలా ఎవరూ చెప్పలేదు" అంది. నేను దగ్గరికి లాక్కున్నాను. నల్లటి ముసుగు నిండా దూది అంటుకుంది.

అప్పట్నుంచి మాకిద్దరికీ ఒప్పందం. మధ్యాహ్నం మిషను ఆపినప్పుడు ఆమె వచ్చి నాకు అక్షరాలు దిద్దిస్తుంది. శుక్రవారం సాయంత్రం నేను మసీదు మేడ మీద ఆడవాళ్ళకి అర్థాలు చెబుతాను, మన మాటలో. తప్పు వస్తే ఆమె దిద్దుతుంది. "సాకేవాడా" అన్నది నిలబడింది, "తండ్రీ" అన్నది పోయింది. మీ నాన్నమ్మ ఉంటే ఒప్పుకునేదనే నా నమ్మకం.

మొదటి శుక్రవారం పదకొండుమంది వచ్చారు. పుస్తకం నా చేతిలో పెట్టారు. ఈసారి దాన్ని మూసి ఒళ్ళో పెట్టుకుని, "నాకు చదవడం రాదు. ఇన్నాళ్ళూ మిమ్మల్ని మోసం చేశాను" అన్నాను. ఉమ్మేస్తారా, లేచిపోతారా అని చూస్తున్నాను. అద్దాలాయన భార్య గొంతు సవరించుకుని, "మాకు మాత్రం వచ్చా ఏంటి వదినా?" అంది. "నువ్వు చదువుతున్నావు కదా అని మేము పెదాలు కదిపేవాళ్ళం."

లెక్క తేలిస్తే పదకొండుమందిలో ఏడుగురికి రాదు. ఒకరి నుంచి ఒకరం దాచుకుంటూ ఇన్నేళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం. నవ్వలేక చచ్చామనుకో.

ఆ నవ్వులకీ, ఆ తర్వాత నేను మొదలుపెట్టిన అర్థాలకీ గడియారం సాయిబు మేడెక్కి వచ్చాడు. గడియారాలు బాగుచేసే ఆయనే, మసీదు తాళాలు ఆయన దగ్గరుంటాయి. పరదా అవతల నిలబడి, "ఏమ్మా, మసీదులో ఈ ఇంటి మాటలేంటి? ఇలాగే వదిలేస్తే రేపు నమాజు కూడా ఇందులోనే చేస్తారా?" అన్నాడు.

పంతులమ్మ ఏదో చెప్పబోయింది. నేను ఆపాను. "నమాజు జోలికి ఎవరు పోతారు సాయిబుగారూ? అది ఉన్నట్టే ఉంటుంది. కానీ నమాజయ్యాక చేతులు చాచి అడుక్కుంటారు చూడండి, పెద్దోడికి ఉద్యోగం రావాలి, నా నడుంనొప్పి తగ్గాలి అని, అది ఏ భాషలో అడుగుతారు?"

పరదా అవతల తాళాలగుత్తి గలగలమంది. "అది... మనసులో" అన్నాడు.

"మనసులో ఏ భాష?"

"ఐదింటికి మేడకి తాళం వెయ్యాలి" అని మెట్లు దిగిపోయాడు.

తర్వాతి శుక్రవారం ఆయన భార్య వచ్చింది. "పోయినవారం సాకడం గురించి ఏదో చెప్పారట, మా ఆయన కిందనుంచి సగమే విన్నారు, మళ్ళీ చెప్పించుకుని రమ్మన్నారు" అంది. అందరూ మారిపోయారని చెప్పను. కమిటీలో ఇద్దరికి ఇది ఇప్పటికీ నచ్చలేదు, ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నారు. తిప్పుకోనీ. మెడ నొప్పెడితే వాళ్ళే ఇటు చూస్తారు.

ఇక మూడోది. వస్తున్నాను. వచ్చే నెల మొదటి ఆదివారం బయల్దేరుతున్నాను, టికెట్టు తీసేశాం. ఇరవై ఎనిమిది అక్షరాలూ గుర్తుపడుతున్నాను. కలిపి రాస్తే ఇంకా తికమక, ఒక్క వాక్యం కూడదీసుకునేసరికి పంతులమ్మ ఒక ఆవులింత తీస్తుంది. అయినా అది నేను చదివిన వాక్యం, నా కళ్ళతో.

అయితే బుజ్జిదానికి పాఠం నేను చెప్పను. మీ అత్తగారు చెప్పాలి. చక్కగా చదువుతారని నువ్వే రాశావు కదా, ఆ పని ఆవిడదే. నేను దాని పక్కన కూర్చుని నేర్చుకుంటాను. అర్థం అడిగితే మన మాటలో చెబుతాను. పిల్లకి ఇద్దరం ఉంటాం.

ఒక్క పని చెయ్యి తల్లీ. ఈ ఉత్తరం దాచకు. మీ అత్తగారి ఎదురుగా కూర్చుని, ఆవిడ భాషలోకి మార్చి, మొదట్నుంచి చివరిదాకా చదివి వినిపించు. ఆవిడ అన్న మాట దగ్గరా దాటెయ్యకు, నేను చెప్పిన అబద్ధాల దగ్గరా దాటెయ్యకు. అమ్మకి చదవడం రాదు అనే చోటు వచ్చినప్పుడు మాత్రం నీ గొంతు తగ్గకూడదు.

ఇట్లు,
ఈ వయసులో బడిలో చేరిన
మీ అమ్మ